టోపీ ఆమెదే

చనిపోయిన మనిషి మీద మన తెలుగు సంఘం అబద్ధం రాసింది. ఇప్పుడు ఆ అబద్ధాన్నే ఆమె సమాధి రాయి మీద చెక్కిస్తమంటున్నది. శనివారం పొద్దున చెక్కుడు మొదలు. అందుకే ఈ ఒమన్‌లో, సోహార్‌లో ఉన్నవాళ్లకూ, బురైమి, సలాలా దిక్కు ఉన్నవాళ్లకూ, మన సంఘం మనుషులందరికీ ఇది రాస్తున్న. నేను ఎనిమిదితో బడి మానేసిన. ఈ రాసుడు రూమ్‌లో పాత పేపర్లు చదివి నేర్చుకున్నదే. తప్పులుంటే దిద్దుకోండి, మాటను మాత్రం దిద్దకండి.

పోయిన నెల మామ్మ పోయింది. నూరేళ్లకు కొంచెం తక్కువ. ఆమె మనవరాలు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆ నర్సక్క డ్యూటీ నుంచి వచ్చి, చాయ్ పెట్టి పిలిస్తే మామ్మ పలకలేదు. బాల్కనీ కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే, పోర్ట్ దిక్కు చూసుకుంటనే పోయింది. 'ఎక్కడ పోతే అక్కడే పెట్టండి, సరుకులాగా పెట్టెలో కట్టి పంపకండి' అని ముందే చెప్పింది కాబట్టి ఇక్కడనే సమాధి చేసిన్రు.

ఆమె నాకు చుట్టం కాదు. నాది జగిత్యాల దిక్కు, ఆమెది విశాఖపట్నం. మా దిక్కు ముసలమ్మను 'మామ్మ' అని పిలువరు. నర్సక్క పిలుస్తుంటే విని నేను కూడ పిలిచిన. ఆమె పలికింది. అంతే చుట్టరికం.

సంతాప సభకు మీలో చానామంది వచ్చిన్రు. హాల్ మంచిగనే ఉండె, పూలు మంచిగనే ఉండె. స్టేజీ మీద ఆమె పాత ఫొటో పెద్దగ చేయించి పెట్టిన్రు. ఫొటోలో ఇరవై కూడా నిండని పిల్ల. తెల్ల చొక్కా, మోకాళ్ల కిందికి గౌను, నెత్తి మీద నేవీ టోపీ, చంకలో చుట్టిపెట్టిన రెండు జెండాలు. పక్కన బల్ల మీద, నర్సక్క దగ్గర అడిగి తెచ్చిన అసలు టోపీనే పెట్టిన్రు. ఫొటో కింద సంఘం ప్రింటు కొట్టించిన మాట ఇది: 'భర్త గారి నేవీ టోపీతో సరదాగా.'

సరదాగానట.

ఆమె భర్త బడి పంతులు. ఆయన ఏ నేవీలోనూ లేడు. మామ్మ నాకు చెప్పిన మాటల్లోనే చెప్త: "మా ఆయనకి గోదావరి మీద లాంచీ ఎక్కితేనే వాంతులురా. నా పుట్టింటికి రావాలంటే లాంచీ ఎక్కాలని నన్నొక్కదాన్నే పంపేవాడు. మంచివాడు, కానీ నీళ్లకి పనికిరాడు." అటువంటి మనిషిని మన సంఘం ఓడెక్కించి ఆఫీసర్‌ను చేసింది. ఇక సమాధి రాయి మీద ఏం రాయిస్తున్నరో తెలుసా? 'నౌకాదళ అధికారి గారి ధర్మపత్ని.'

ఆ టోపీ ఆమెది. ఆ జెండాలు ఆమెవి. పెళ్లికి ముందటి ఫొటో అది.

ఆమెను నేను ఎట్ల కలిసిననో చెప్త. అప్పుడు నేను సైట్‌లో మామూలు హెల్పర్‌ను. క్రేన్‌కు సిగ్నల్ ఇచ్చే పని కావాలంటే పరీక్ష పాస్ కావాలె. క్రేన్ నడిపే ఉస్తాద్ పైన అద్దాల డబ్బాలో ఉంటడు. కింద మనం ఏం అరిచినా ఆయనకు వినరాదు. మన చేతులు చూసే బరువు లేపుతడు, దించుతడు, ఆపుతడు. ఆ చేతుల సైగలు నేర్చుకునేందుకు శుక్రవారం సెలవు రోజు నేనూ, మా రూమ్‌లో ఉండే, నిర్మల్ నుంచి వచ్చిన తమ్ముడూ ఫ్లాట్ల వెనక ఖాళీ జాగాలో తిప్పలు పడేది. నేను సిగ్నల్. వాడు క్రేన్. వాడు ఒక చెయ్యి ముందుకు చాపి, దానికి తాడుతోని పెయింట్ బకెట్ వేలాడదీసుకుని నిలబడేది. పోయేవాళ్లు చూసి నవ్వేది.

"అన్నా, చెయ్యి గుంజుతున్నది. జల్ది దించమను," అన్నడు వాడు.

"క్రేన్ మాట్లాడదురా."

"ఈ క్రేన్‌కు ఆకలైతున్నది."

అప్పుడు పైనుంచి ఒక గొంతు. "ఒరే బాబూ! ఆపమన్నావో దించమన్నావో ఆ క్రేను పిల్లాడికి ఎలా తెలుస్తుందిరా?"

తలెత్తి చూస్తే రెండో అంతస్తు బాల్కనీలో తెల్ల చీర, తెల్ల జుట్టు.

"ఇది క్రేన్ సిగ్నల్, అవ్వా. నీకు తెల్వదు," అన్న.

"నాకు క్రేను తెలీదు. చెయ్యి తెలుసు. నీ చెయ్యి గొణుగుతోంది."

చెయ్యి గొణుగుడు ఏందని మేమిద్దరం నవ్వినం. ఆమె నవ్వలేదు. లేచి నిలబడ్డది. కటకటాలు విడిచిపెట్టి రెండు చేతులు పక్కకు చాపింది. ఆ వయసులో ఆ చేతులు వణకాలె కదా, వణకలేదు. ఒకటి కిందికి, ఒకటి మీదికి. ఆపింది. మళ్లీ మార్చింది. ఆపింది. ఒక్కో ఆకారం గోడకు మేకు కొట్టినట్టు. లోపలి నుంచి నర్సక్క ఉరికొచ్చింది. "మామ్మా, పడిపోతావు!" అని పట్టుకున్నది. మమ్మల్ని చూసి, "మీరెవరు బాబూ, ఈవిడతో ఎక్సర్‌సైజులు చేయిస్తున్నారు?" అన్నది. నిర్మల్ తమ్ముడు బకెట్ విడిచిపెట్టి రెండు చేతులెత్తి దండం పెట్టిండు.

ఆ రోజు పైకి పిలిచి అన్నం పెట్టిన్రు. ఎండు చేపల పులుసు. తినుకుంట అడిగితే అప్పుడు చెప్పింది.

రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు ఇంగ్లండ్‌లో ఆడవాళ్లను నేవీలోకి తీసుకున్నరట. వాళ్లను ఒక చిన్న పిట్ట పేరుతో పిలిచేవాళ్లట. తర్వాత మన దేశంలో కూడా తీసుకున్నరు. అప్పటికి దేశమూ వాళ్లదే, నేవీ కూడా వాళ్లదే. ఆడవాళ్లను ఓడ మాత్రం ఎక్కనియ్యలేదు. పని అంతా ఒడ్డు మీదనే. టైపు కొట్టుడు, మ్యాపు మీద ఓడలు ఎక్కడున్నయో గుర్తు పెట్టుడు, వైర్‌లెస్, జెండాలతోని, దీపంతోని ఓడలకు మాట చెప్పుడు. మామ్మ విశాఖ రేవు దగ్గర సిగ్నల్ టవర్ మీద చేసింది. ఆమెకు పని నేర్పింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక నేవీ ఆడమనిషి. "పిట్ట పేరు పెట్టి గద్ద పని చేయించారురా మాచేత," అని నవ్వేది.

విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డంక ఊరంతా బళ్లు కట్టుకుని పోయిందట. వాళ్ల నాయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండర్. ఆయన పోలేదు. "పోనివాళ్లకే పని దొరికింది," అనేది మామ్మ. పని దొరికిందని ఇంట్లో చెప్తే నాయన మొత్తుకున్నడట.

"గౌనేసుకుని టవరెక్కితే నిన్నెవడు చేసుకుంటాడే?"

"కళ్లున్నోడు చేసుకుంటాడు నాన్నా. దూరం నుంచి కనబడతాను కదా."

ఈ మాట చెప్పినప్పుడల్లా తన మాటకు తానే నవ్వేది. కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్వేది.

ఆమె దగ్గర ఒక అలవాటు ఉండె. ఏది చెప్పినా ముందు ఆ మాటను తిరిగి చెప్పేది, తర్వాతనే జవాబు. చర్చి వాళ్లు వచ్చి "మామ్మగారూ, భోంచేశారా?" అంటే, "భోంచేశానా అని అడిగారు. చేశాను," అనేది. "వచ్చే వారం ప్రార్థనకు కారు పంపుతాం" అంటే, "వచ్చే వారం. ప్రార్థనకు. కారు పంపుతారు. మంచిది." వాళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకుని, పాపం పెద్దతనం అనేది. మెట్లు దిగుకుంట అనేది, ఆమెకు వినబడేటట్టే అనేది. మామ్మవి పాము చెవులు. వాళ్లు పోయినంక నా దిక్కు తిరిగేది. "సరే అన్నంత మాత్రాన విన్నట్టు కాదురా. ఏం విన్నాడో తిరిగి చెప్తేనే అందినట్టు. నా జన్మలో నాకు సరే అన్నవాళ్లెవరూ ఏదీ చెయ్యలేదు." టవర్ మీద నేర్చుకున్న పని అది. ఓడ నుంచి వచ్చిన మాట తిరిగి చెప్పకపోతే ఆ మాట రానట్టే లెక్క. యుద్ధం అయిపోయింది, టవర్ పోయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఇంకోటి నేర్పింది. ఇది ఆమె చేసిన పొరపాటు, ఆమె నోటితోనే చెప్పింది.

"ఒక రోజు ఓడ లోపలికొస్తోంది. నేను జెండాలతో మాట చెప్తున్నాను. వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు. చూస్తే పెద్ద దొర. ఇంట్లో నేర్పిన బుద్ధి కదరా, పెద్దోళ్లొస్తే లేవాలి, దణ్ణం పెట్టాలి. గిర్రున తిరిగి సెల్యూట్ కొట్టేశాను. చేతిలో జెండా ఉంది. అది ఎటు లేస్తే ఓడవాళ్లకి అదే మాట. పాపం వాళ్లు, నేను ముందు చెప్పినదానికీ దీనికీ పొంతన కుదరక రేవు మొగలో ఆగిపోయి, మళ్లీ చెప్పమని అడిగారు. దొర నవ్వుకుంటా వెళ్లిపోయాడు. మా పైన ఉన్న ఇంగ్లీషావిడ మాత్రం నవ్వలేదు. ఏమందో తెలుసా? 'జెండా పట్టుకున్నంతసేపూ నీ దొర ఆ ఓడలో ఉన్నాడు, మెట్ల మీద లేడు' అంది."

"తర్వాత?"

"తర్వాత దొర మళ్లీ వచ్చాడు. నేను తిరగలేదు. నా వీపు చూసి వెళ్లిపోయాడు. ఆ రోజు ఎంత హాయిగా ఉందో! ఒరే, సిగ్నలిచ్చే చెయ్యి సలాం కొట్టకూడదు. రాసుకో."

నేను రాసుకోలేదు. అవసరం పడలేదు. పరీక్ష పాసై సిగ్నల్ పనిలో చేరిన కొన్నాళ్లకే అది నా మీదికి వచ్చింది. పెద్ద పైపుల కట్ట గాలిలో ఉన్నది, దాని కింది దిక్కు మనుషులున్నరు, నేను చేతులెత్తి ఉస్తాద్‌కు సైగ చేస్తున్న. అప్పుడే మా కంపెనీ ఆఫీసులోని పెద్ద సారు కొందరు అతిథులను తీసుకొని సైట్‌కు వచ్చిండు. మన సంఘం అధ్యక్షుడు కూడ ఆయనే, మీకు తెలిసిందే. నన్ను చూసి చెయ్యి ఊపి, "ఏమయ్యా, బాగున్నావా?" అన్నడు. అతిథుల ముందు మనవాడు సలాం కొడితే ఆయనకు బాగుంటది. నేను కొట్టలేదు. ఆయన దిక్కు చూడను కూడ చూడలేదు. కట్ట కిందికి దిగి, నేల మీద కూర్చున్నంకనే తిరిగి "బాగున్న సార్" అన్న. అప్పటికే ఆయన వెళ్లిపోతుండె. సాయంత్రం బస్సులో అందరూ అదే ముచ్చట. 'నీకు పొగరట. సార్ అన్నడు.'

మామ్మకు చెప్పిన. కండ్లు మూసుకొని తిరిగి చెప్పింది. "బరువు గాలిలో ఉంది. కింద మనుషులున్నారు. సారొచ్చాడు. నువ్వు సలాం కొట్టలేదు." కండ్లు తెరిచింది. "అందింది," అన్నది. నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఇప్పటికీ మండుతున్నట్టే ఉంటది.

యుద్ధం అయిపోయినంక ఆ ఆడవాళ్లను పిలిచి, ఇక ఇంటికి పొండి అన్నరట. ఇచ్చినవన్నీ వాపసు చేయమన్నరట. జెండాలు తీసుకున్నరు, బట్టలు తీసుకున్నరు, టోపీ ఏదని అడిగిన్రు.

"సముద్రంలో పడిపోయిందన్నాను," అని చెప్పింది మామ్మ. "వాళ్లకి తెలుసు అబద్ధమని. నాకు తెలుసు వాళ్లకి తెలుసని. టోపీ అప్పటికి మా అమ్మ బియ్యం డబ్బాలో ఉంది."

ఆ డబ్బాలోంచి అత్తగారింటికి, అక్కడి నుంచి కొడుకు ఇంటికి, చివరికి మనవరాలితోని ఒమన్ దాక వచ్చింది ఆ టోపీ. బిస్కెట్ల డబ్బాలో, మెత్తటి గుడ్డలో చుట్టి ఉండె. ఎండాకాలం పోయినంక ఒకసారి తీసి బాల్కనీలో గాలికి పెట్టేది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. నన్ను ఒక్కసారి పట్టుకోనిచ్చింది. పెట్టుకోనియ్యలేదు.

అదే టోపీని సభలో బల్ల మీద పెట్టి 'భర్త గారిది' అన్నరు.

నేను సభలో లేచిన. మైకు ఇయ్యలేదు, గొంతు ఉన్నది కదా. "ఆ టోపీ మామ్మది. ఆమెనే నేవీలో చేసింది," అన్న. అధ్యక్షుడు సార్ మైకులోనే నవ్విండు.

"ఆ కాలంలో ఆడవాళ్లు నేవీలో ఎక్కడున్నారయ్యా? పెద్దావిడ కథలు చెప్పి ఉంటుంది. వయసు మీద పడితే అంతే."

"ఫొటోలో జెండాలు పట్టుకున్నది ఎవరు సార్?"

"సరే, చేసిందే అనుకుందాం. బ్రిటిష్ వాళ్లకు చాకిరీ చేసిందని రాతి మీద రాస్తామా? అవతల దేశం స్వాతంత్ర్యం కోసం కొట్లాడుతుంటే? భర్త పేరుతో ఉంటే ఆవిడకే గౌరవం." తర్వాత మైకు పక్కకు పెట్టి, నాకు మాత్రమే వినబడేటట్టు, "నీ లేబర్ కార్డు రెన్యువల్ మా టేబుల్ మీదే ఉంది. గుర్తుందా?" అన్నడు.

గుర్తున్నది సార్. దాన్ని కూడ అందరి ముందు ఇక్కడ రాస్తున్న.

చాకిరీ అన్నరు కదా. ఈ మాటకు జవాబు మామ్మ ఎప్పుడో చెప్పింది. నేనే ఒకసారి అడిగిన, తెల్లోళ్ల పని ఎందుకు చేసినవని. ఆమె తిరిగి చెప్పింది, "తెల్లోళ్ల పని ఎందుకు చేశానని అడిగావు," అని. కొంచెంసేపు పోర్ట్ దిక్కు చూసింది. "మా అన్న జైలుకెళ్లాడు. నేను టవరెక్కాను. అన్న విడుదలై వచ్చాక రోజూ పోట్లాడుకునేవాళ్లం. పోట్లాడుకుని ఇద్దరం మా అమ్మ పెట్టిన చారన్నమే తినేవాళ్లం. ఆ ఓడల్లో బొగ్గు వేసేవాళ్లూ, వంట చేసేవాళ్లూ మన పిల్లలేరా. నా జెండా చూసి లోపలికొచ్చేవాళ్లు. ఓడ ఎవడిదో నేను చూసుకోలేదు. తప్పంటావా? అను. మా అన్న కూడా అన్నాడు. కానీ నేను చెయ్యలేదని మాత్రం అనకు."

మన సంఘం ఆ ఆఖరు పనే చేసింది. తప్పని అంటే ఆమె పోట్లాడేది. అసలు చెయ్యలేదనేసరికి పోట్లాడేందుకు ఆమె లేదు. ఇంకోటి అడుగుత. ఈ దేశంలో మనం కట్టిన గోడలు ఎవరివి? లేపిన పైపులు ఎవరివి? కంపెనీ ఎవరిది? రేపు నేను పోతే, వేరేవాళ్ల కోసం చేసిండు కాబట్టి ఈయన పని చెయ్యలేదని రాస్తరా? లేకపోతే సార్ పేరు రాసి, 'ఆయన కింద సరదాగా' అని రాస్తరా?

సభ అయిపోయినంక నర్సక్క నన్ను బయట పట్టుకున్నది. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచినయి. "పోనీలే తమ్ముడూ. సమాధికి అనుమతులన్నీ తిరిగి తెచ్చింది వాళ్లే కదా. రాయి కూడా వాళ్లే పెట్టిస్తున్నారు. పోయినావిడ పోయింది, గొడవెందుకు?" అన్నది. ఆమె దుఃఖం ఆమెది. నేను సక్కగ సనాయాకు, అదే మన పారిశ్రామిక వాడకు, పోయి మార్బుల్ పని చేసే, పాకిస్తాన్‌లోని ముల్తాన్ నుంచి వచ్చిన చాచాను కలిసిన. రాయి అక్కడనే ఉన్నది. గోడకు ఆనించి పెట్టిండు, ఇంకా ఒక్క గీత కూడ పడలేదు.

"చాచా, తప్పు మాట ఇస్తే ఏం చేస్తవు?"

"మీ అక్షరాలు నాకు రావు బేటా. మీరిచ్చిన బొమ్మ చూసి చెక్కుత. తప్పిచ్చినా చెక్కుత. కానీ రాతి మీద రబ్బర్ నడవదు. ఏదైనా ఉంటే శనివారం కంటే ముందే చెప్పు."

రూమ్‌కు వచ్చి ఇది రాసిన. రాసి ముందు నర్సక్కకు వినిపించిన, ఎందుకంటే మాట ఆమె ఇంటిది. ఆమె మొత్తం విన్నది. తర్వాత, అచ్చం మామ్మలాగనే, "మామ్మ సిగ్నలర్. టోపీ మామ్మది. తాతయ్య బడి పంతులు. రాయి మీద ఇదే ఉండాలి. అంతే కదా నువ్వు రాసింది?" అన్నది. అంతే అన్న. "అయితే నా మాట కూడా అని రాయి. ఇంటి మనిషిగా నేనే అడుగుతున్నానని రాయి." లేచి మొఖం కడుక్కొని, సంఘం ఆఫీసుకు పోయి, సభ తర్వాత అక్కడ పెట్టిన టోపీని తానే తీసుకొచ్చుకున్నది. ఎవరూ అడ్డం రాలేదు.

ఇక మా ఇద్దరి మాట.

రాయి మీద భర్త పేరు వద్దని మేము అంటలేము. రాయండి. బడి పంతులు అని రాయండి. పాపం ఆయనకు కూడ అన్యాయమే చేసిన్రు, నీళ్లంటే భయపడే మనిషిని సముద్రం మీదికి తోలిన్రు. కానీ దానికి పైన, ఆమె పేరు కింద, మొదటి వరుసలో ఇది ఉండాలె: 'యుద్ధకాలంలో నేవీ సిగ్నలర్.' మూడే మాటలు. ఫొటో కింద పెట్టిన మాట తప్పని సంఘం అందరి ముందు చెప్పాలె. ఇది కాదంటే మీ రాయి మీరే ఉంచుకోండి. మా రూమ్ వాళ్లందరం కలిసి వేరే రాయి పెడతం, అనుమతుల కోసం మేమే తిరుగుతం. నా కార్డు రెన్యువల్‌తోని దీనికి ముడిపెడితే, ఆ సంగతి కూడ ఇట్లనే రాస్త.

టోపీ ఇప్పుడు బాల్కనీలో ఉన్నది, ఆమె కుర్చీలో, పోర్ట్ దిక్కు మొఖం పెట్టి. సాయంత్రం గాలికి దాని రిబ్బను కొంచెం లేస్తది, మళ్లీ పడుతది. జవాబు వచ్చేదాక డబ్బాలో పెట్టనని అక్క అన్నది.

జవాబు గురువారం పొద్దుమూకినప్పటి మగ్రిబ్ అజాన్ లోపల రావాలె. 'చూద్దాం' అనొద్దు. 'సరే' అని కూడ అనొద్దు. రాయి మీద ఏం చెక్కిస్తున్నరో, ఆ మాటలు ఒక్కటి పోకుండ మాకు తిరిగి చెప్పండి. అప్పుడే అందిందనుకుంటం.